నోటీసు వచ్చినప్పుడు, కేసు వేయాలన్నప్పుడు, లాయర్ కావాలన్నప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

కోర్టు పక్కన ఒక సీనియర్ అడ్వకేట్ గారి ఆఫీసులో నేను గుమాస్తాగా పనిచేస్తాను. ఆయన కోర్టు నుంచి వచ్చేదాకా బెంచీ మీద కూర్చున్నవాళ్లు ముందు నన్నే అడుగుతారు. ఏళ్ల తరబడి అవే ప్రశ్నలు. ఆ జవాబులే ఇక్కడ రాసిపెట్టాను. ఇవన్నీ మన దేశ చట్టాల ప్రకారం చెప్పినవి. ఇది చదివితే మీ కేసు తేలిపోదు గానీ, లాయర్ గారి ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది. ఒక్క మాట ముందే చెబుతాను. న్యాయం తమవైపు లేక నష్టపోయినవాళ్ల కంటే తేదీ దాటబెట్టుకుని నష్టపోయినవాళ్లనే ఆ బెంచీ మీద ఎక్కువగా చూశాను. అందుకే కింద చాలాచోట్ల రోజుల లెక్క వస్తుంది, విసుక్కోకండి.

ఇంటికి లీగల్ నోటీసు వచ్చింది. కేసు పడినట్టేనా?

కాదు. అది అవతలివాళ్ల లాయర్ రాసిన ఉత్తరం, అంతే. దాని మీద కోర్టు ముద్ర ఉండదు, కేసు నంబరు ఉండదు. ‘మా క్లయింటుకు మీరు ఇంత బాకీ, ఇన్ని రోజుల్లో కట్టకపోతే కోర్టుకు వెళతాం’ అని ఉంటుంది. భాష కటువుగానే ఉంటుంది. సివిల్, క్రిమినల్ చర్యలు తీసుకుంటామన్న వాక్యం దాదాపు ప్రతి నోటీసు చివరా కనిపిస్తుంది. దాన్ని చూసి రాత్రంతా టెన్షన్ పడక్కర్లేదు.

అలాగని పక్కన పడేయకూడదు. చాలామంది కవరు చింపి, లోపలి కాగితం తీసుకుని, కవరును చెత్తబుట్టలో వేస్తారు. అసలు ఆ కవరే ముఖ్యం. దాని మీద పోస్టాఫీసు ముద్ర, తేదీ, ట్రాకింగ్ నంబరు ఉంటాయి. నోటీసు మీకు ఎప్పుడు అందిందో రేపు తేల్చడానికి పనికొచ్చేది అదే. అందిన తేదీని కవరు మీదే పెన్నుతో రాసి, నోటీసుతో కలిపి పిన్ను కొట్టి దాచండి.

తీసుకోకుండా తిప్పి పంపితే తప్పించుకోవచ్చనుకునేవాళ్లు ఇంకొందరు. సరైన అడ్రసుకు రసీదుతో పోస్టులో పంపిన నోటీసును ‘తీసుకోవడానికి నిరాకరించారు’ అని పోస్ట్‌మ్యాన్ రాసి వెనక్కి పంపితే, మామూలుగా అది అందినట్టే కోర్టులు లెక్కేస్తాయి. లోపల ఏముందో తెలుసుకునే అవకాశం పోవడం తప్ప మీకు ఒరిగేదేమీ లేదు.

ప్రతి నోటీసుకూ జవాబివ్వాలని చట్టంలో లేదు. అయినా ఇవ్వడమే మంచిది. లేకపోతే, నిజం కాబట్టే నోరు మెదపలేదని అవతలివాళ్లు వాదిస్తారు. ఆ జవాబు మాత్రం ఆవేశంలో వాట్సాప్‌లో మీరే ఇచ్చేయకండి. ‘ఇస్తానన్నాను కదా, కొంచెం టైమ్ ఇవ్వు’ అన్న ఒక్క మెసేజ్ చాలు, బాకీ ఒప్పుకున్నారని చూపించడానికి.

మరి కోర్టు నుంచి సమన్లు వస్తే?

అది వేరే లెక్క. కేసు నంబరు, కోర్టు పేరు, వాయిదా తేదీ అన్నీ ఉంటాయి, వెనకాల దావా కాపీ జతచేసి ఉంటుంది. సివిల్ కేసులో సమన్లు అందిన 30 రోజుల్లోగా మీ జవాబును రాతపూర్వకంగా కోర్టులో దాఖలు చేయాలి. కారణం చూపిస్తే 90 రోజుల దాకా కోర్టు గడువు ఇవ్వొచ్చు. వెళ్లకుండా ఊరుకుంటే మిమ్మల్ని ‘ఎక్స్‌పార్టీ’ చేస్తారు. అంటే మీరు లేకుండానే విచారణ నడిచి డిక్రీ, అంటే కోర్టు తుది ఉత్తర్వు, రావచ్చు.

సమన్లను బీరువాలో చీరల కింద దాచి, డిక్రీ అమలు చేసే కోర్టు ఉద్యోగి అమీను ఇంటికొచ్చాక మా దగ్గరికి పరుగెత్తుకొచ్చిన ఇల్లు ఒకటి నాకు తెలుసు. పెద్దాయనకు బీపీ అని పిల్లలు చెప్పలేదట. ఎక్స్‌పార్టీ డిక్రీని కొట్టేయించుకోవడానికి దారి ఉంది కానీ దానికీ 30 రోజులే గడువు. సమన్లు సరిగా అందకపోయి ఉంటే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ 30 రోజులు లెక్కేస్తారు. అది దాటితే ఆలస్యానికి కారణం చెప్పుకుంటూ ఇంకో పిటిషన్ వేయాలి. ఖర్చు, తిరుగుడు రెండూ పెరుగుతాయి.

ప్రోనోటు రాయించుకుని అప్పిచ్చాను. మూడేళ్లు దాటితే డబ్బు పోయినట్టేనా?

నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లలోగా దావా వేయాలని 1963 నాటి లిమిటేషన్ చట్టం చెబుతోంది. అది దాటితే నోటుకు కాలదోషం పట్టిందంటాం. అప్పు నిజమే, సంతకం నిజమే, అయినా కోర్టు ద్వారా వసూలు చేసుకునే దారి మూసుకుపోతుంది.

దీనికి పాతకాలం నుంచీ ఉన్న ఉపాయం నోటు వెనక చెల్లు రాయించడం. మూడేళ్లు నిండకముందే అప్పు తీసుకున్న మనిషి కొంత సొమ్ము కట్టి, నోటును తిరగేసి, ఫలానా తేదీన ఇంత చెల్లించాను అని రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. కట్టింది చిన్న మొత్తమైనా ఫర్వాలేదు. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, అప్పిచ్చినాయన తనే చక్కగా ‘రూ. 2,000 ముట్టినది’ అని రాసుకుని, తనే సంతకం పెట్టుకుంటాడు. అలాంటి నోట్లు ఎన్ని చూశానో లెక్కలేదు. అది పనికిరాదు. రాత గానీ సంతకం గానీ కట్టినవాడిది అయితేనే చెల్లుతుంది.

ఈలోపు గడువు దాటిపోయి ఉంటే వెనక చెల్లు రాయించినా ఫలితం ఉండదు. కానీ ఆ పాత బాకీ తీరుస్తానని అతను సంతకం పెట్టి కొత్తగా కాగితం రాసిస్తే, కాంట్రాక్ట్ చట్టం 25వ సెక్షన్ కింద అది చెల్లుతుంది. రాసిస్తాడా లేదా అన్నది మీ ఇద్దరి మధ్య మర్యాద మీద ఆధారపడి ఉంటుంది.

చెక్ బౌన్స్ అయింది. ఏ రోజుకు ఏం చేయాలి?

నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్. మా ఆఫీసులో క్యాలెండర్‌ను ఎక్కువగా తిరగేసేది దీనికే. చెక్కు మీద ఉన్న తేదీ నుంచి మూడు నెలల్లోగా బ్యాంకులో వేయాలి. అది తిరిగొచ్చినట్టు బ్యాంకు మెమో మీకు అందిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి. నోటీసు అందుకున్న మనిషికి డబ్బు కట్టడానికి 15 రోజులు టైమ్ ఉంటుంది. అప్పటికీ కట్టకపోతే, ఆ తర్వాత నెల రోజుల్లోగా మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేయాలి.

తేదీలతో చెబితే ఇంకా తేలిక. మార్చి 3న మెమో చేతికొచ్చిందనుకోండి. ఏప్రిల్ 2 దాటకుండా నోటీసు పోస్టులో పడాలి. అవతలి మనిషికి అది ఏప్రిల్ 10న అందితే, 25 దాకా ఆయనకు గడువు. 26 నుంచి మీ నెల మొదలవుతుంది, కాబట్టి మే 25లోపు ఫిర్యాదు కోర్టులో ఉండేలా చూసుకోవాలి. ‘ఇంకో పది రోజులు ఆగండి, ఇచ్చేస్తా’ అని ఫోన్లో బతిమాలుతూ ఈ నెలను తినేయడం అవతలివాళ్లకు బాగా తెలిసిన విద్య. ఆగండి, కాదనను. ఫిర్యాదు వేసి ఆగండి. డబ్బు వస్తే రాజీ చేసుకోవచ్చు.

నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2018లో వచ్చిన సవరణ వల్ల, కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారంగా ఇప్పించే అధికారం కూడా కోర్టుకు ఉంది.

సెక్యూరిటీ కోసం సంతకం పెట్టి ఖాళీ చెక్కు ఇచ్చాను. అంకెలు వాళ్లే వేసుకున్నారు. నాకేం కాదు కదా?

అవుతుంది. సంతకం మీదైతే, మిగతా వివరాలు వేరేవాళ్లు నింపినా, అది బాకీ కోసమే ఇచ్చారని చట్టం ముందుగా అనుకుంటుంది. 2019లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. బాకీ లేదనీ, తీర్చేశామనీ ఆధారాలు చూపించుకోవాల్సింది మీరే. కాబట్టి అప్పు తీర్చిన రోజే చెక్కు వెనక్కి తీసుకోండి. ‘ఎక్కడో పెట్టాను, వెతికి ఇస్తాలే’ అంటే, తీరిపోయిందని ఒక కాగితం మీద రాయించుకోండి.

పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోవడం లేదు. ఏం చేయాలి?

2024 జూలై 1 నుంచి క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. దాని 173వ సెక్షన్ ప్రకారం, వారంట్ లేకుండా అరెస్టు చేయదగ్గ నేరమైతే అది ఏ స్టేషన్ పరిధిలో జరిగినా, మీరు వెళ్లిన స్టేషన్‌లోనే ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ‘మా పరిధి కాదు’ అన్న మాట చెల్లదు. ఆన్‌లైన్‌లో కూడా ఫిర్యాదు పంపవచ్చు కానీ మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

తీసుకోకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపండి, రసీదు జాగ్రత్త. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు. ఇంకో సంగతి కూడా తెలిసుండాలి. మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ చేసుకునే వీలు పోలీసులకు ఇప్పుడు ఉంది. వెంటనే కట్టలేదంటే ప్రతిసారీ తొక్కిపెట్టారని అర్థం కాదు.

అప్పు వసూలు, గట్టు తగాదా, అద్దె ఖాళీ చేయించడం లాంటివి స్టేషన్‌లో తేలేవి కావు. అవి సివిల్ కోర్టు పనులు. స్టేషన్‌లో పంచాయతీ పెట్టించి రాయించుకున్న కాగితాలు తర్వాత కోర్టులో తలనొప్పి అవడమే నేను ఎక్కువగా చూశాను.

పోలీసులు రమ్మంటున్నారు. వెళ్లాలా? అరెస్టు చేస్తే హక్కులేంటి?

ముందు నోటీసు రాతపూర్వకంగా ఇవ్వమని మర్యాదగా అడగండి. ఏడేళ్లలోపు శిక్ష ఉండే చాలా కేసుల్లో నేరుగా అరెస్టు చేయకుండా అదే కొత్త సంహిత 35(3) సెక్షన్ కింద హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. పాతవాళ్లు దీన్ని ఇంకా 41ఏ నోటీసు అనే అంటారు. అది అందాక వెళ్లి తీరాలి. వెళ్లి సహకరిస్తున్నంతకాలం మామూలుగా అరెస్టు చేయరు. వెళ్లకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది. సాక్షిగా విచారించడానికైతే ఆడవాళ్లను, 15 ఏళ్లలోపు పిల్లలను, 60 దాటిన పెద్దలను స్టేషన్‌కు రమ్మనకూడదు. వాళ్లుండే చోటికే రావాలి.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి, లాయర్‌తో మాట్లాడనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. ఇంట్లోవాళ్లకు తెలియజేయడం తప్ప మిగతావి రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉన్నాయి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయాలంటే అసాధారణ పరిస్థితి ఉండాలి, మహిళా పోలీసు అధికారి ఉండాలి, మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి కావాలి.

వీడియో కాల్‌లో ‘డిజిటల్ అరెస్ట్’ అంటున్నారు...

ఫోన్ పెట్టేయండి. అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. డబ్బు పంపేసి ఉంటే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును మధ్యలో ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

ఆడపిల్లకు పుట్టింటి ఆస్తిలో వాటా ఉందా? పెళ్లప్పుడే పసుపు కుంకుమ కింద ఇచ్చేశామంటున్నారు.

హిందూ కుటుంబాల సంగతి చెబుతాను. ముస్లింలకు, క్రైస్తవులకు వారసత్వ చట్టాలు వేరు. పిత్రార్జితంలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానంగా హక్కు ఉంటుందని హిందూ వారసత్వ చట్టానికి 2005 సెప్టెంబర్ 9న అమల్లోకి వచ్చిన సవరణ చెప్పింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చేసింది. నిజానికి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశం మొత్తానికంటే ముందే ఈ పని చేసింది. 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా కూతుళ్లకు వాటా ఇచ్చింది. అయితే అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. కేంద్ర సవరణలో ఆ పెళ్లి మెలిక లేదు.

పసుపు కుంకుమ వల్ల ఆ హక్కు పోదు. రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజు మీద తెలిసి సంతకం పెట్టి ఉంటే మాత్రం వేరే సంగతి. ‘బ్యాంకు లోను కోసం చిన్న సంతకం పెట్టమ్మా’ అని అన్నయ్య అడిగినప్పుడు కాగితం పైనుంచి కింది దాకా చదవండి. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్ దస్తావేజుతో గానీ కోర్టు డిక్రీతో గానీ జరిగిపోయిన పంపకాలను కొత్త చట్టం కదిలించదు. తండ్రి స్వార్జితమైతే ఆయన వీలునామా ఎవరికి రాస్తే వాళ్లదే. ఏమీ రాయకుండా పోతేనే భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి ఉంటే ఆమె, అందరికీ సమాన వాటాలు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి.

ఇద్దరికీ ఇష్టమైతే విడాకులు వెంటనే వస్తాయా?

వెంటనే రావు. హిందూ వివాహ చట్టం 13బి కింద పిటిషన్ వేయాలంటే ఏడాదిగా విడిగా ఉండి ఉండాలి. వేశాక ఆరు నెలలు ఆగి రెండోసారి చెప్పాలి. కలిసే ఆశ లేదనీ, భరణం, పిల్లల సంగతి అన్నీ తేల్చుకున్నారనీ తేలితే ఆ ఆరు నెలలను కోర్టు తీసేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. చివరి దాకా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. అందుకే డబ్బు ఏ విడతలో ఎంత అన్నది పిటిషన్‌లోనే రాయించుకోండి.

కొన్న వస్తువు బాగోలేదు, కంపెనీ పట్టించుకోవడం లేదు. లాయర్ కావాలా?

అక్కర్లేదు. వినియోగదారుల కమిషన్‌లో మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. మీరు చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే ఊరి జిల్లాలోనే వేయొచ్చు. ఐదు లక్షల దాకా ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్లు. ముందు 1915 హెల్ప్‌లైన్‌కు చెప్పి చూడండి, కొన్ని అక్కడే తేలిపోతాయి.

సరే, మంచి లాయర్‌ని ఎలా వెతుక్కోవాలి?

‘పెద్ద లాయర్ ఎవరండీ’ అని అడుగుతారు. పెద్ద లాయర్ కాదు, మీ పనికి సరిపోయే లాయర్ కావాలి. భూమి దావాలు చేసేవారు, క్రిమినల్ చేసేవారు, కుటుంబ కేసులు చేసేవారు, పన్నులు చూసేవారు ఎవరికి వారే. అన్నీ చేస్తానన్నా, ఈ ఏడాది మీలాంటి కేసులు ఎన్ని చేశారని అడగడంలో తప్పు లేదు. కేసు ఏ కోర్టులో నడుస్తుందో ఆ కోర్టులో రోజూ ఉండే మనిషి కావాలి. కింది స్థాయి మున్సిఫ్ కోర్టులో ఇంజంక్షన్ దావాకు, అంటే ఫలానా పని ఆపమని కోరే దావాకు, హైకోర్టు నుంచి పేరున్నవారిని తెస్తే, వాయిదాలకు వచ్చేది ఆయన జూనియరే.

ప్రకటనలు నమ్మకండి. మన దేశంలో అడ్వకేట్లు ప్రకటనలు ఇచ్చుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. వెబ్‌సైట్‌లో పేరు, అడ్రసు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, ఏ రకం కేసులు చేస్తారు అన్నవి పెట్టుకోవచ్చు, అంతవరకే. కాబట్టి ‘నంబర్ వన్ లాయర్, వంద శాతం గెలుపు’ అని ఎక్కడైనా కనిపిస్తే ఆ పేజీ మూసేయడానికి అదే కారణం సరిపోతుంది.

తెలిసినవాళ్లను అడగడమే ఇప్పటికీ మంచి దారి, అయితే కేసు గెలిచినవాళ్లనే కాదు, ఓడినవాళ్లనూ అడగండి. ఓడిపోయినా ‘మా లాయర్ మాత్రం బాగా చేశారు’ అన్నారంటే ఆ పేరు రాసుకోవచ్చు. ఇంకో పని మీరే చేయొచ్చు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో జిల్లా, కోర్టు ఎంచుకుని అడ్వకేట్ పేరుతో వెతికితే ఆయన ఆ కోర్టులో చేస్తున్న కేసులు వరసగా వస్తాయి. ఎలాంటి కేసులో, ఎన్ని నడుస్తున్నాయో కళ్లారా కనిపిస్తుంది. ఇది తెలిసినవాళ్లు తక్కువ.

మా సీనియర్ గారిని చూసి నేను నేర్చుకున్న గుర్తు ఒకటుంది. మొదటి అరగంటలో ‘మనమే గెలుస్తాం’ అనే లాయర్ కంటే, కాగితాలు అడిగి, తేదీలు రాసుకుని, ‘ఇక్కడ మీకు ఇబ్బంది ఉంది’ అని చెప్పే లాయర్ నయం. క్లయింట్లకు అప్పటికప్పుడు అది నచ్చదు. ఒకరిద్దరు లేచి వెళ్లిపోవడం కూడా చూశాను.

మొదటిసారి కలవడానికి ఏం తీసుకెళ్లాలి?

ఒరిజినల్స్ ఇంట్లో పెట్టి జిరాక్సులు తీసుకెళ్లండి. ఒక తెల్లకాగితం మీద ఏ తేదీన ఏం జరిగిందో వరసగా రాసుకోండి, కోపాలు శాపనార్థాలు లేకుండా. ఆ ఒక్క కాగితం మీ గంట కథను పది నిమిషాలకు తెస్తుంది. వాట్సాప్ చాట్ ఉంటే డిలీట్ చేయకండి, ఫోన్ మార్చినా పాతది దాచండి.

ఇక నిజం చెప్పండి. అప్పు తీసుకున్నది నిజమైతే నిజమనే చెప్పండి. లాయర్‌తో చెప్పిన మాట బయటపెట్టకుండా చట్టమే కట్టడి చేసింది. ఇంతకుముందు ఎవిడెన్స్ చట్టం 126వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్. కొత్త నేరం చేయడానికో మోసానికో సలహా అడిగితే మాత్రం ఆ రక్షణ ఉండదు. దాచిన సంగతి క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయర్ నోట బయటపడితే, ఆ క్షణంలో మీ లాయర్ ముఖం చూడలేం.

ఫీజు ఎంత అడుగుతారో, ఎలా మాట్లాడుకోవాలో తెలియడం లేదు.

మొహమాటం వద్దు, మొదటిరోజే అడగండి. మొత్తం కేసుకా, విడతలుగానా, వాయిదాకు ఇంతనా? కోర్టు ఫీజు, టైపింగ్, నకళ్లు అందులోనేనా, వేరేనా? అప్పీలు వస్తే మళ్లీ కొత్త ఫీజేనా? ఒప్పుకున్నది ఒక మెసేజ్‌గా అయినా పంపి ‘సరేనా సార్’ అని జవాబు తెప్పించుకోండి.

‘గెలిస్తే వచ్చినదాంట్లో ఇంత శాతం’ అన్న ఒప్పందం ఇక్కడ అడ్వకేట్లకు నిషిద్ధం. ప్రమాద నష్టపరిహారం కేసుల్లో అలా మాట్లాడేవాళ్లు తగులుతూనే ఉంటారు, జాగ్రత్త. ‘పైవాళ్లకు ఇవ్వాలి, జడ్జి గారు మనవాళ్లే’ అన్న మాట వినబడితే ఇంకేం ఆలోచించకుండా లేచి వచ్చేయండి. ఆ డబ్బు ఎక్కడికీ వెళ్లదు, అడిగినవాడి జేబులోకి తప్ప.

అంత స్తోమత లేదు. ఉచితంగా లాయర్‌ని ఇస్తారట, నిజమేనా?

నిజమే. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు, విపత్తు బాధితులు, ఆదాయం పరిమితిలోపు ఉన్నవాళ్లు అందరూ అర్హులే. మహిళలకు ఆదాయం లెక్క కూడా చూడరు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, కింద మండల కమిటీలు ఉంటాయి. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ఉచితం కదా, సరిగా చేయరేమో అని వెనకాడతారు. బాగా చేసేవాళ్లను అక్కడా చూశాను, చేయనివాళ్లను బయటా చూశాను.

వకాలతు మీద సంతకం పెట్టమన్నారు. పెట్టొచ్చా?

మీ తరఫున వాదించే అధికారం ఇచ్చే కాగితం అది, పెట్టాల్సిందే. పెట్టేముందు కేసు పేరు, కోర్టు పేరు నింపి ఉన్నాయో లేదో చూడండి. ఖాళీ తెల్లకాగితాల మీద, ఖాళీ స్టాంపు పేపర్ల మీద మాత్రం ఎవరికీ సంతకం పెట్టకండి. గుమాస్తా అడిగినా సరే.

మా లాయర్ ఫోన్ ఎత్తడం లేదు. మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు, అది మీ హక్కు. మామూలుగా పాత లాయర్ దగ్గర ‘నో అబ్జెక్షన్’ రాయించుకుని కొత్తవారు వకాలతు వేస్తారు. ఇవ్వనంటే కోర్టు అనుమతి అడగవచ్చు. ఫీజు బాకీ ఉందని మీ కాగితాలు పట్టుకుని కూర్చునే హక్కు ఆయనకు లేదని 2000లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఫీజు కోసం ఆయన విడిగా దావా వేసుకోవాల్సిందే.

మార్చేముందు ఒకసారి సాయంత్రం ఆఫీసుకు వెళ్లి చూడండి. పగలంతా కోర్టులో ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. ఫోన్ ఎత్తకపోవడం వేరు, వాయిదాకు వెళ్లకపోవడం వేరు. రెండోది జరిగినా, డబ్బు కాజేసినా, అవతలివాళ్లతో చేతులు కలిపినా అడ్వకేట్ల చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. మందలించడం నుంచి పేరు తొలగించడం దాకా శిక్షలు ఉన్నాయి. వినియోగదారుల కమిషన్‌కు మాత్రం వెళ్లలేరు. లాయర్ల సేవలు ఆ చట్టం కిందకు రావని 2024 మే 14న సుప్రీంకోర్టు చెప్పింది.

లోక్ అదాలత్‌లో రాజీ పడితే నష్టపోతామా?

గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడు, ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడు అన్న సామెత ఊరికే పుట్టలేదు. డబ్బు తగాదాలు, చెక్ కేసులు, ప్రమాద నష్టపరిహారాలకు రాజీ చాలాసార్లు లాభసాటి. పెండింగ్ కేసులో కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. రాజీని రాసి అక్కడ ఇచ్చే ఉత్తర్వును అవార్డు అంటారు, అది కోర్టు డిక్రీతో సమానం.

అయితే దాని మీద అప్పీలు లేదు. సంతకం పెట్టాక ‘ఇంట్లోవాళ్లు ఒప్పుకోవడం లేదు’ అంటే కుదరదు. కాబట్టి మొత్తం ఎంత, ఎప్పటికి, కట్టకపోతే ఏంటి అన్నవి అవార్డులో రాసి ఉన్నాయో లేదో చదివి, ఇంటికి ఫోన్ చేసి మాట్లాడి, అప్పుడు పెట్టండి. రాజీకి వీల్లేని తీవ్ర నేరాలు అక్కడికి రావు.

వాయిదా ఎప్పుడో ప్రతిసారీ లాయర్‌నే అడగాలా?

అక్కర్లేదు. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెలతో సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. అడిగి తీసుకుని ఫోన్‌లో దాచుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే గత వాయిదాలో ఏం జరిగింది, మళ్లీ ఎప్పుడు అన్నది వచ్చేస్తుంది. దూరం నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు ముందురోజు సాయంత్రం ఒకసారి మా ఆఫీసుకు ఫోన్ కూడా చేయండి. జడ్జి గారు సెలవు పెట్టిన సంగతి కొన్నిసార్లు యాప్ కంటే ముందు మాకే తెలుస్తుంది.